తండ్రి పేరు గడిలో ఎవరు?

పాత పత్రాలు, వంశావళులు: పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది తిరుత్తణి పక్కన పల్లె. మా ముత్తాత 1890 ప్రాంతంలో పుట్టినాడంటారు. బడి సర్టిఫికెట్లో ఆయన తండ్రి పేరు ఒకటుంది, 1920ల నాటి క్రయపత్రంలో ఇంకొకటుంది. "ఆయన ఎవరి బిడ్డో ఊరంతా ఎరుగుదురులే" అని మా అవ్వ ఒకసారి నోరుజారింది. మళ్లీ ఎంత అడిగినా ఆ మాట ఎత్తలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, తిరుత్తణి

జవాబు: అమ్మా, అవ్వ మాట కాసేపు పక్కన పెట్టి, దత్తత జరిగిందేమో ముందు చూడండి. తండ్రి పేరు రెండు రకాలుగా కనబడగానే మన బుద్ధి గుసగుసల వైపే పోతుంది. పిల్లల్లేని పెదనాన్నకో చిన్నాయనకో బిడ్డనివ్వడం ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. దత్తత పోయినవాడికి ఆస్తి కాగితాల్లో తండ్రి మారిపోతాడు. బడి రికార్డు మాత్రం ఆనాడు చేర్పించినవారు చెప్పిన పేరుతోనే ఉండిపోతుంది.

రెండింటిలో ఏది నమ్మాలంటే, నేను ఆస్తి చేతులు మారిన కాగితం వైపే ఉంటాను. బడిలో ఏ పేరు చెప్పినా అడిగేవాడు లేడు. భూమి దగ్గర తప్పు పేరు రాస్తే దాయాదులు ఊరుకోరు. మీ క్రయపత్రాన్ని ఒకసారి వెనక్కి తిప్పండి. సబ్ రిజిస్ట్రారు ముందు రాసిన నాలుగు వరుసలు, పక్కన వేలిముద్ర ఉంటాయి. రాసిచ్చినవాడి తండ్రి పేరు, వృత్తి, ఊరు అక్కడ మళ్లీ రాసి ఉంటాయి. వాటి కింద 'ఇతను ఫలానా మనిషే' అని నిరూపించిన ఇద్దరు సాక్షులు, వాళ్ల తండ్రుల పేర్లు. చాలాసార్లు ఆ సాక్షులు బావమరుదులో, పినతండ్రి కొడుకులో అయి ఉంటారు. మీకు కావలసిన మనిషి ముందు వైపు కన్నా అక్కడే దొరకవచ్చు. ఆ సాక్షుల వారసులు ఇంకా ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి.

తిరుత్తణి కాగితాలతో ఒక పేచీ ఉంది. ఊరు కదల్లేదు గానీ జిల్లా మారుతూ వచ్చింది. మొదట ఉత్తర ఆర్కాటు, 1911 నుంచి చిత్తూరు, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిశాక చెంగల్పట్టు, ఇప్పుడు తిరువళ్లూరు. కాబట్టి మీ ముత్తాత పుట్టినప్పటి కాగితానికి ఒక జిల్లా, క్రయపత్రానికి మరో జిల్లా. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లినా, చిత్తూరులో వెతికినా, ఏ సంవత్సరపు కాగితం అడుగుతున్నారో చూసుకుని ఆనాటి జిల్లా పేరు చెప్పి అడగండి. 'తిరువళ్లూరు జిల్లా, 1890' అని చీటీ రాసిస్తే ఖాళీ చేతులతో తిరిగి రావడమే.

జనన రిజిస్టరు మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. ఆ తర్వాతి రిజిస్టర్లలోనైనా చాలాచోట్ల బిడ్డ పేరుండదు. పురుడు సంగతి మునసబుకు చెప్పేనాటికి పేరే పెట్టి ఉండరు. మీకు దొరికేది తండ్రి పేరు, ఆడో మగో, తేదీ మాత్రమే. చెప్పి రాయించినదెవరో ఉంటే అదే అసలు సమాచారం.

ఇంకోటి. తిరుత్తణి కార్వేటినగరం జమీందారీలో ఉండేది. జమీ ఊళ్లలో రైతుల లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి, కలెక్టరు దగ్గర కాదు. అందుకే తిరువళ్లూరు వైపు రైత్వారీ ఊళ్లకు దొరికినన్ని పాత లెక్కలు మీకు దొరకవు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఏ భూమి ఎవరిదో విచారించి పట్టాలిచ్చారు. 'నాకెట్లా వచ్చింది' అని మూడు తరాలు చెప్పుకోవాల్సి వచ్చినవాళ్లు ఆ విచారణలో చాలామంది. మీది ఇనాం భూమి అయితే మరీ అదృష్టం. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడికి ఏమవుతాడో కూడా రాశారు. కరణీకం ఉన్న ఇల్లయితే వారసత్వ తగాదాల ఫైలులో వంశవృక్షమే ఉండవచ్చు.

ఇక అవ్వ మాట. మీ తిరుత్తణిలోనే పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి చూడండి. అందరూ ఎరిగిన పుట్టినరోజు 1888 సెప్టెంబరు 5. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో వచ్చిన జీవితచరిత్రలో, అసలు తేదీ 1887 సెప్టెంబరు 20 అని తండ్రి అనుకునేవారని రాశారు. తండ్రి ఎవరన్నదానిపై ఊళ్లో వినబడిన అనుమానాన్ని కూడా దాచలేదు. కన్నతండ్రి గురించి, అదీ రాష్ట్రపతి గురించి, అంత నిబ్బరంగా రాసిన కొడుకులు మనలో అరుదు. పుకారును పుకారుగానే రాసిపెట్టడం తప్పు కాదు. మీరూ అవ్వ మాటను తేదీతో, ఆమె అన్న మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకోండి. వంశవృక్షంలో మాత్రం ఎక్కించకండి.

ప్రశ్న: మా నాయనమ్మ తండ్రి రైల్వేలో పనిచేసిన దొర అంటారు. ఆమె తెల్లగా ఉండేది. రుజువు ఎట్లా?
- తిరువళ్లూరు పాఠకుడు

జవాబు: తెల్లతోలు రుజువు కాదు నాయనా, మన ఇళ్లలో అన్ని రంగులూ ఉన్నాయి. అయితే కథ అసాధ్యమూ కాదు. రాయపురం నుంచి ఆర్కాటు దాకా 1856లో తెరిచిన దక్షిణాది మొదటి ప్రయాణికుల రైలుదారి మీ ఊరి మీదుగానే పోయింది. డ్రైవర్లుగా, మేస్త్రీలుగా ఇంగ్లీషువాళ్లు వచ్చారు.

మీరడగాల్సిన మొదటి ప్రశ్న, నాయనమ్మకు బాప్తిస్మం ఇచ్చారా అన్నది. ఇచ్చి ఉంటే మార్గముంది. మద్రాసు చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, చాలావరకు డబ్బు కట్టి ఇంట్లో కూర్చునే చూడవచ్చు. పెళ్లికాని తల్లి అయితే తండ్రి గడి ఖాళీగా ఉండవచ్చు. అప్పుడు అదే చోట మద్రాసు వీలునామాలు తిరగేయండి. చర్చిలో ఒప్పుకోని దొరలు కొందరు వీలునామాలో బిడ్డ పేరు రాసి సొమ్ము వదిలిపోయారు. బాప్తిస్మం లేదంటే మాత్రం ఆ రిజిస్టర్ల మీద రూపాయి ఖర్చు పెట్టకండి.

ప్రశ్న: డర్బన్‌లో ఉంటున్నాం. మా పెద్దామె బిడ్డతో ఒంటరిగా మద్రాసులో ఓడ ఎక్కింది. ఆ బిడ్డ తండ్రి ఎవరో తెలుసుకోగలమా?

జవాబు: 1860 నుంచి 1911 దాకా మీ డర్బన్ ఉన్న నాటాల్‌కు వచ్చిన లక్షా యాభై వేల మందికి పైగా కూలీలలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. ఓడ పట్టీలో ఒక్కొక్కరికి ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. మీ పెద్దామె నంబరుకు అటూ ఇటూ ఉన్న పది పన్నెండు నంబర్లు చూడండి. ఒకే ఊరివాళ్లు తరచు కలిసే నమోదయ్యారు. అదే ఊరు, అదే కులం ఉన్న మగమనిషి పక్కనే కనిపిస్తే, అతను నాటాల్‌లో ఏ తోటకు వెళ్లాడో వెంబడించండి. ఊరి పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి, పైకి చదివితే గాని తెలియవు. మీవాళ్లది తిరుత్తణి వైపైతే, తాలూకా గడిలో తిరుత్తణికి బదులు కార్వేటినగరం అని ఉన్నా ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: ఈ తిప్పలన్నీ ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే పోదా?

జవాబు: కొంతవరకే. ముత్తాత నుంచి మీకు వచ్చేది సగటున ఎనిమిదో వంతు. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న మన ఇళ్లలో, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనబడతాడు. మగవాడి నుంచి మగవాడికే వచ్చే వై క్రోమోజోము పరీక్ష ఎక్కువ పనికొస్తుంది. అదీ అనుమానం ఉన్న రెండో కుటుంబంలో ఎవరో ఒక మగవాడు ఒప్పుకుని ఉమ్మి ఇస్తేనే. వాళ్లింటికి ఆ మాట మోసుకుపోయే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.