గాథాసప్తశతిలో పడుచు దంపతులు

ప్రాచీన కావ్యాలలో దాంపత్యమనగానే రాజప్రాసాదాలు, ఉద్యానవనాలు, క్రీడాసరోవరాలు మన కన్నుల ముందు నిలుస్తాయి. నాయకుడు చక్రవర్తి, నాయిక రాజకన్య. వారి వినోదాలకు చెలికత్తెలు కావాలి, చందనం కావాలి, వసంతోత్సవం కావాలి. పగలంతా పొలంలో నాగలి పట్టి ఇల్లు చేరిన పడుచువాడు, పొయ్యి ముందు కూర్చున్న అతని ఇల్లాలు ఏమి చూసి నవ్వుకున్నారో చెప్పే తీరిక ఆ కవులకు తక్కువ. ఆ తీరిక చేసుకొన్న గ్రంథమొకటి గోదావరీతీర సీమలలోనే పుట్టింది. అదే గాథాసప్తశతి.

దీని సంకలనకర్త శాతవాహన రాజైన హాలుడు. కోటి గాథల నుండి ఏడువందలను ఏరినట్లు గ్రంథంలోనే ఉన్నది. కోటి అన్నది కవుల లెక్క అనుకొన్నా, ఏరినమాట మాత్రం నిజం. భాష మహారాష్ట్రీ ప్రాకృతం. ఒక్కొక్క గాథ రెండు పంక్తులలో ముగుస్తుంది. కాలక్రమంలో కొన్ని గాథలు చేరాయి, కొన్ని జారిపోయాయి. అన్ని పాఠాలలోనూ సమానంగా కనిపించేవి సుమారు 430 మాత్రమే. శ్రీనాథుడు నవయౌవనంలో దీనిని తెనిగించినట్లు తానే చెప్పుకొన్నాడు గాని, ఆ కావ్యం మనకు దక్కలేదు. ఆధునిక కాలంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఈ గాథలను తెలుగువారికి పరిచయం చేశారు. అత్త అనే మాట వీనిలో మనకు తెలిసిన అర్థంలోనే వినిపిస్తుంది. తెలుగు పాఠకునికి ఇది పరాయి ఇల్లు కాదు.

వంటింటిలో జరిగిన ఒక ముచ్చట చూడండి. ఇల్లాలు వంట చేస్తూ మసి అంటిన చేతితో మొగము తుడుచుకొన్నది. చెంపకు మసి అంటింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. భర్త చూచి నవ్వాడు. నీ మొగము ఇప్పుడు అచ్చంగా చంద్రుడైనదని అతని భావం. స్త్రీముఖాన్ని చంద్రునితో పోల్చడం అప్పటికే అరిగిపోయిన పోలిక. చంద్రునికి మచ్చ ఉన్నది, ఆమె ముఖానికి లేదు. ఆ కొరత మసి తీర్చింది! పెద్ద కవులు అలంకారంగా వాడినదానిని ఈ గృహస్థు ఎగతాళిగా వాడుకొన్నాడు.

దానికి ప్రక్కనే మరొక గాథ. పొయ్యి రాజుకోవడంలేదు. ఊది ఊది ఆమెకు విసుగు పుట్టింది. అప్పుడు వినిపించే ఓదార్పు ఇది: అగ్ని మండకపోవడానికి కారణం కట్టెలు కావు, కలిగొట్టు పూవువలె పరిమళించే నీ నోటిగాలిని త్రాగుతూ, అది ఆగిపోతుందేమోనన్న ఆశతో కూడిన భయంతో వట్టి పొగలే చిమ్ముతున్నది. పచ్చికట్టెల పొయ్యి ఎరిగినవారికి ఈ చమత్కారంలోని తీపితోపాటు కండ్లమంట కూడా తెలుస్తుంది. అంత చక్కని మాట అన్నవాడు తాను వంగి ఒకసారి ఊదినట్లు మాత్రం గాథలో లేదు.

అలుక కూడా ఈ దంపతులకు ఒక ఆటయే. ఇద్దరికీ కోపం వచ్చింది. ఇద్దరూ అభిమానవంతులే. ఒకే శయ్యపై చెరొక వైపు తిరిగి నిద్ర నటిస్తున్నారు. కదలిక లేదు, ఊపిరి బిగపట్టారు. అయితే చెవులు మాత్రం రెండవవారి వైపే ఉన్నాయి. వీరిద్దరిలో మల్లుడెవడు అని కవి అడుగుతాడు. కుస్తీపట్టువారి మాటను పడకటింటికి తేవడంలోనే హాస్యమున్నది. చూచేవారికి ఏమీ జరగని ఈ పోటీలో ముందు కదిలినవారిది ఓటమి. జవాబు చెప్పకుండానే కవి తప్పుకొన్నాడు.

మరొక ఇంటిలో అలుక ఇంకా ముదిరింది. భర్త పాదాలపై వ్రాలాడు. ఆమె మెత్తబడలేదు. ఇంతలో చిన్న కొడుకు ప్రాకివచ్చి, వంగిన తండ్రి వీపు ఎక్కాడు. గుండె నిండా కోపమున్న ఆ తల్లికి నవ్వు ఆగలేదు. క్షమాపణ సాధించలేని పనిని పసివాడు సాధించాడు.

భర్త ఊరు విడిచి వెళ్ళిననాడు వినోదం వేరొక రూపం దాల్చుతుంది. ఈ రోజే వెళ్ళాడు, ఈ రోజే వెళ్ళాడు అని లెక్కిస్తూ ఒకతె గోడపై గీతలు గీయసాగింది. మొదటి రోజు మధ్యాహ్నానికే గోడ నిండిపోయింది. దినానికొక గీత అన్న లెక్క ఆమెకు చాలలేదు. ఇది నవ్వవలసిన గాథయో, జాలిపడవలసిన గాథయో నిర్ణయించడం సులభం కాదు.

ఈ సరసాలన్నిటి వెనుక పేదరికమున్నది. అది ఒక గాథలో ముందుకు వస్తుంది. చూలాలి కోరిక తీర్చడం భర్తకు ధర్మం. దోహదమనే మాటకు అసలు అర్థం ఆ కోరికయే. కోరిక తీరకపోతే బిడ్డకు కీడని లోకుల నమ్మకం. ఆ బీద ఇంటిలో భర్త, అందరు భర్తలవలెనే, నీకేమి తినాలని ఉన్నదని భార్యను అడిగాడు. ఆమెకు పుల్లనిదో తీయనిదో తినాలని ఉండే ఉంటుంది. పేరు చెబితే తెచ్చే శక్తి అతనికి లేదు, తేలేకపోతే అతని మనసు కలత పడుతుంది. అందుచేత ఇంటిలో ఉన్నదానినే కోరింది. నీళ్ళు త్రాగాలని ఉన్నదన్నది.

వంటింటి మసిని చూచి నవ్వినవానికి ఈ మాటలోని మరుగు తెలిసిందో లేదో గాథ చెప్పదు. ఆమె జవాబుతోనే ఆ రెండు పంక్తులూ ముగిశాయి.