నెత్తి దురదకు కుంకుడు, వేప, మెంతులు: ఏది ఎప్పుడు వాడాలి, ఏది అసలు వాడొద్దు

వికారాబాద్, తాండూరు వైపు కందులు కొట్టే కాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లో ఒకటే మాట: "నెత్తి ఒకటే దురద పెడుతుంది, ఏం పెట్టాలి?" ఒకరు నిమ్మకాయ రుద్దమంటారు, ఇంకొకరు వేపనూనె పట్టించమంటారు, మరొకరు సీతాఫలం గింజలు నూరి పెట్టమంటారు. వీటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని అసలు పనిచేయవు. ఒకటి కళ్లకే ముప్పు తెస్తుంది. అందుకే ఈ పాఠం నింపాదిగా చదివి, తర్వాత వీడియోలో తయారీ చూడండి.

ముందు దురద ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

చేనుకు మందు కొట్టే ముందు ఆకు తిప్పి పురుగా, తెగులా అని చూస్తాం కదా. తలకూ అంతే. వెలుతురులో కూర్చోబెట్టి, పాపిడి తీసి చూడండి.

1. దుమ్ము, చెమట: కంది కాయ మీద, ఆకు మీద సన్నని నూగు ఉంటుంది. కొట్టేటప్పుడు అది పొట్టుతో పాటు లేచి నెత్తిలో దిగుతుంది. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసే వాళ్లకు సున్నపురాయి పొడి చెమటతో కలిసి పొరలా పడుతుంది. ఈ రకం దురద పని ఉన్న రోజుల్లోనే వస్తుంది. ఒకటి రెండు తలస్నానాలకు తగ్గిపోతుంది.

2. పొడిబారడం: సన్నని తెల్లటి పొట్టు రాలుతుంది, చర్మం బిగుసుకున్నట్టు ఉంటుంది. కందులు కొట్టేది డిసెంబరు, జనవరి నెలల్లో. చలిగాలికి చర్మం ఎండేదీ అప్పుడే. అందుకే ఈ రెండు దురదలూ కలిసి వస్తాయి.

3. చుండ్రు: పొట్టు జిడ్డుగా, కొంచెం పసుపుగా ఉంటుంది. కనుబొమ్మల్లో, ముక్కు పక్కన కూడా కనిపించవచ్చు. మలసీజియా అనే బూజు జాతి సూక్ష్మజీవి దీనికి ఒక కారణం. అది అందరి నెత్తి మీదా ఉంటుంది, అక్కడి జిడ్డునే తిని బతుకుతుంది.

4. పేలు: చెవుల వెనక, మెడ పైభాగంలో దురద ఎక్కువ. ఈర్లు వెంట్రుకకు అతుక్కుని ఉంటాయి. గోటితో జరిపితే చుండ్రు రాలిపోతుంది, ఈరు జరగదు. తేడా తెలుసుకోవడానికి ఇదే గుర్తు.

5. డాక్టరుకు చూపించాల్సినవి: పిల్లల తలలో గుండ్రంగా వెంట్రుకలు ఊడి మచ్చ పడితే తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, లోపలికి మాత్రలు వాడాలి. వెండి రంగులో మందపాటి పెచ్చులు కట్టినా, చీము కారినా, జుట్టుకు రంగు వేసుకున్నాక ముఖం వాచినా ఇంటి వైద్యం చేయొద్దు.

నీళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు

తాండూరు చుట్టూ నేల కింద సున్నపురాయే. బోరు నీళ్లలో ఆ సున్నం కరిగి ఉంటుంది. అలాంటి నీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకు, చర్మానికి అంటుకుంటుంది. ఎంత కడిగినా జిగటగానే ఉంటుంది, దురద పోదు.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. సగం సీసా నీళ్లలో గోరంత సబ్బు ముక్క వేసి బాగా ఊపండి. నురగ తక్కువై నీళ్లు పాలలా మారితే అవి గట్టి నీళ్లు. వాటిని బాగా మరిగించి, చల్లారాక తేరిన పైనీళ్లు మాత్రం తీసుకోండి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఆ సున్నమే. చివరి చెంబుడు నీళ్లయినా ఇలాంటివి పోసుకుంటే తేడా కనిపిస్తుంది. పట్టిపెట్టిన వాన నీళ్లు ఉంటే ఇంకా మంచిది.

కుంకుడుకాయ గొప్పతనం ఇక్కడే. దానిలో నురగనిచ్చే సపోనిన్లు సున్నపు నీళ్లలో కూడా సబ్బులా తెట్టు కట్టవు. సబ్బుకు క్షార గుణం ఉంటుంది, కుంకుడు రసం, శీకాయ కొంచెం పులుపు వైపు ఉంటాయి. మన చర్మం కూడా అంతే. మన పెద్దలు ఊరికే పట్టుకోలేదు దీన్ని.

కుంకుడు, శీకాయ, మెంతుల తలంటు

ఒక మనిషికి, నడుము దాకా లేని జుట్టుకు:

- కుంకుడుకాయలు 8 నుంచి 10. కొట్టి గింజ తీసేయాలి
- శీకాయలు 3 లేదా 4
- మెంతులు 1 చెంచా
- నీళ్లు అర లీటరు

రాత్రి అన్నీ కలిపి నానబెట్టండి. పొద్దున సన్నని మంట మీద పది నిమిషాలు కాచి, చల్లారాక చేత్తో బాగా పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టండి. తప్పకుండా వడకట్టాలి. పిప్పి నెత్తిలో ఇరుక్కుంటే అదే ఇంకో దురద. మెంతుల జిగురు వల్ల జుట్టు చిక్కుపడదు, కుంకుడు వల్ల వచ్చే పొడితనం కొంత తగ్గుతుంది.

తల ముందే బాగా తడిపి, రసం కొంచెం కొంచెంగా పోసి వేళ్ల మొనలతో రుద్దండి. గోళ్లతో గీకొద్దు. కళ్లు గట్టిగా మూసుకోవాలి, చిన్నపిల్లల నుదుటికి తడిగుడ్డ కట్టండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కడగాలి. వారానికి రెండుసార్లు చాలు. రోజూ చేస్తే నెత్తి ఎండిపోయి దురద పెరుగుతుంది. మిగిలిన రసం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది, వాసన మారితే పారబోయండి.

దురదను బట్టి తోడు మందు

పొడి నెత్తికి: తలంటుకు అరగంట ముందు గోరువెచ్చని కొబ్బరినూనె పల్చగా రాయండి. కలబంద గుజ్జు కూడా మంచిదే. ఆకు కోసి పావుగంట నిలబెడితే పసుపు రసం కారిపోతుంది. దురద పెట్టేది ఆ రసమే, కాబట్టి దాన్ని కడిగేసి లోపలి గుజ్జు మాత్రం వాడండి.

జిడ్డు చుండ్రుకు: చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చుండ్రు అనగానే రాత్రంతా నూనె పట్టించి పడుకుంటారు. ఆ సూక్ష్మజీవి తినేదే జిడ్డు అయినప్పుడు, మనం దానికి జీవామృతం పోసినట్టే కదా! రెండు మూడు వారాలు నూనె ఆపండి. రెండు గుప్పెళ్ల వేపాకు లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి, తలంటు అయ్యాక చివర్లో పోసుకోండి.

నాలుగు వారాల్లో తగ్గకపోతే మొండికి పోవద్దు. మందుల షాపులో దొరికే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ చుండ్రుకు బాగా పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. సహజ వ్యవసాయం చేస్తున్నాం కాబట్టి డాక్టరు మందు ముట్టొద్దని ఎక్కడా లేదు.

ఏది కొత్తగా వాడినా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి.

పేలకు: దువ్వెనే మందు

తల తడిపి, కొంచెం నూనె రాసి, పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి చివరి దాకా పాయపాయగా దువ్వండి. ప్రతిసారీ దువ్వెనను తెల్లగుడ్డకు తుడిచి చూడండి. ఈర్లు పొదిగి పిల్లలు కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే ఒక్కరోజు దువ్వి ఊరుకుంటే మళ్లీ వస్తాయి. మూడు రోజులకోసారి, రెండు వారాలు దువ్వాలి. ఇంట్లో అందరికీ ఒకేసారి చూడాలి.

ఇవి మాత్రం వద్దే వద్దు

సీతాఫలం గింజల పొడి: వికారాబాద్, మహబూబ్‌నగర్ వైపు గుట్టల్లో సీతాఫలాలకు కొదవ లేదు, పేలకు ఈ పొడి పెట్టడం పాత అలవాటు. పేలు చస్తాయి, నిజమే. కానీ ఆ పొడి చుక్కంత కంట్లోకి జారినా నల్లగుడ్డు పైపొర దెబ్బతిని, భరించలేని మంట, చూపు మసక వస్తాయి. పొరపాటున పడితే చాలాసేపు నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసరు మందు కదా, ఏమీ కాదు అనుకోవద్దు.

పురుగుమందు, కిరోసిన్: పత్తికి కొట్టే మందు పిల్లల తలకు రాస్తే అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఖాళీ డబ్బా కడిగిన నీళ్లు కూడా వద్దు.

మన కషాయాలు: నీమాస్త్రంలో పేడ, మూత్రం ఉంటాయి. అగ్నిఅస్త్రంలో పొగాకు, మిరపకాయ ఉంటాయి. అవి చేనుకు, నెత్తికి కాదు. 1500, 10000 పీపీఎం అని రాసి అమ్మే వేపనూనె కూడా పంటదే. అందులో వేరే ద్రావకాలు కలుపుతారు. వేపనూనె పసిపిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ దాకా తెస్తుంది, అందకుండా పెట్టండి.

గట్టు మీద నాలుగు మొక్కలు

గట్టు మీద ఒక వేప, ఒక కుంకుడు, బోరు దగ్గర కలబంద, పెరట్లో మందారం ఉంటే ఇంటి అవసరం తీరిపోతుంది. కుంకుడు గింజ మొక్క కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, కాబట్టి ఈ వానాకాలమే పెట్టండి. గింజ పెంకు గట్టిది. కొంచెం అరగదీసి, ఒక రోజు నానబెట్టి వేస్తే మొలక త్వరగా వస్తుంది. ఎండు కాయలు ఎవరికైనా అమ్ముకోవచ్చు గానీ, షాంపూ, తలనూనె అని లేబుల్ వేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి.

చివరగా ఒక మాట. కందులు కొట్టే రోజు తలకు పాత నూలు రుమాలు గట్టిగా చుట్టుకోండి, సాయంత్రం దాన్ని విడిగా ఉతకండి. నెత్తిలోకి దుమ్ము పోకుండా ఆపితే సగం దురద అక్కడే ఆగిపోతుంది. మీ ఊళ్లో ఏ పద్ధతి పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో రాయండి. తోటి రైతులకు ఉపయోగపడుతుంది.