బర్మా మినుము చవకేనా? మిల్లు గుమ్మంలో వేయవలసిన లెక్క

పొన్నూరు: మాగాణుల్లో వరి కోతలు ముగిసి మినుము పైరు పూతకు వచ్చే వేళకు పొన్నూరు, తెనాలి వర్తకులకు రెండు కబుర్లు చేరుతూ వుంటాయి. ఒకటి పొలంనుంచి వచ్చేది: తెగులు వున్నదా లేదా, ఎకరాకు ఎన్ని బస్తాలు దిగవచ్చును అన్నది. రెండవది చెన్నైనుంచి వచ్చేది: రంగూన్ సరుకు టన్ను ఎన్ని డాలర్లు పలుకుతున్నది అన్నది. కొన్నేళ్లుగా రెండవ కబురు రాగానే మొదటిదాన్ని పక్కన పెట్టడం అలవాటయినది. క్వింటాలుకు ఐదారు వందలు తక్కువ అన్న ఒక్క మాటతో బేరం తేలిపోతున్నది. ఆ ఐదారు వందలు నిజంగా వర్తకుని గల్లాపెట్టెలోకి చేరుతున్నవా అన్నదే ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

ముందు సరుకు సంగతి. డెల్టాలో మినుము దుక్కి దున్ని వేసే పంట కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి వుండగానే, ఎకరాకు సుమారు 16 కిలోల విత్తనం చల్లుతారు. ఆ తరువాత నీరు పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదను, రాత్రిపూట కురిసే మంచు, ఇవే దాని ఆధారం. నవంబరు ఆఖరునుంచి డిసెంబరులో చల్లినది ఫిబ్రవరి, మార్చి నెలల్లో కళ్లానికి వస్తుంది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో రూపొందిన ఎల్.బి.జి. రకాలు ఈ మాగాణులకు కుదిరినవి. వాటిలో 752 వంటి పాలిష్ రకాలు నల్లగా నిగనిగలాడుతూ, లావుగా, ఒకే సైజులో వుంటాయి. పొట్టు తీసినప్పుడు గింజ విరగకుండా గుండ్రంగా నిలవడం గుళ్లకు ప్రధానం. గుళ్ల వ్యాపారంలో తెనాలి మిల్లులు పేరు తెచ్చుకున్నది ఈ రకాల మీదనే. ఇడ్లీ, దోసె పిండి రుబ్బేవారు, ముఖ్యంగా తమిళనాడు హోటళ్లవారు, పిండి బాగా పొంగుతుందని వీటికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడం రివాజు. 2022లో జిల్లాల విభజన జరిగి బాపట్ల, రేపల్లె వేరే జిల్లాలోకి పోయినా మినుము బజారుకు మాత్రం సరిహద్దు ఏర్పడలేదు.

రంగూన్ సరుకు

దేశం పేరు మయన్మార్ అని మారినా మన బజారులో అది ఇంకా బర్మా సరుకే. ఒకప్పుడు కోస్తా జిల్లాల జనం కూలికీ, వ్యాపారానికీ ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. ఇప్పుడు అక్కడి మినుములే కంటెయినర్లలో ఇటు వస్తున్నవి. 1988 తరువాత అక్కడి ప్రభుత్వం ప్రయివేటు ఎగుమతులకు వీలు కల్పించడంతో ఈ వ్యాపారం పెరిగినది. అక్కడి ప్రజలు మినుము తినేది బహు స్వల్పం. పండినదంతా ఇంచుమించు మన దేశంకోసమే. ఎస్.క్యూ., ఎఫ్.ఎ.క్యూ. అని రెండు తరగతులుగా డాలర్లలో ధర చెబుతారు. మొదటిది మేలు రకం, రెండవది సగటు రకం. ఈ విషయంలో వర్తకులు గుర్తుంచుకోవలసినది మరొకటి వున్నది. బర్మా పంట కళ్లానికి వచ్చేది కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. అంటే మన రైతు బస్తా కుట్టే రోజుకే అక్కడి రైతు కూడా బస్తా కుడుతున్నాడు. ఇద్దరి గిరాకీదారూ ఒక్కడే.

ఇక లెక్కకు వద్దాము. కింద చూపే అంకెలు లెక్క తేలికగా వుండేందుకు ఊహించుకున్నవే గాని ఏ రోజు ధరవరలూ కావు. సెస్సు వగైరా రెండు సరుకులకూ ఒకే విధంగా పడే ఖర్చులు వదిలివేయడమైనది.

ఓడ కిరాయితో కలిపి చెన్నై రేవులో ఎస్.క్యూ. ధర టన్ను 900 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాము. క్వింటాలు 7,650 రూపాయలు అవుతుంది. పొన్నూరు దగ్గర కళ్లంలో పాలిష్ మినుము క్వింటాలు 8,250 అనుకుందాము. తేడా 600 రూపాయలు. నోటిమాటగా చెప్పుకునేది ఇక్కడితో ఆగిపోతుంది. కాని బర్మా సరుకుకు రేవులో క్లియరింగు, ఏజంటు, బ్యాంకు ఖర్చులు 120, చెన్నైనుంచి తెనాలికి లారీ కిరాయి 180, దుమ్ము, తరుగు కింద 75 కలపాలి. సొమ్ము ముందుగా ఇరుక్కుంటుంది గనుక 45 రోజులకు నూటికి 12 వంతున వడ్డీ మరో 115. వెరసి మిల్లు గుమ్మంలో 8,140. స్థానిక సరుకుకు హమాలీ, బండి కిరాయి 60, ఎండబెట్టి చెరగగా పోయేది 80 వేసుకుంటే 8,390. ఆరు వందల తేడా 250కి దిగినది.

ఇంకా పూర్తి కాలేదు. మనం అమ్మేది మినుములు కాదు, గుళ్లు. స్థానిక పాలిష్ రకం క్వింటాలుకు 74 కిలోల సరుకు ఇచ్చి, బర్మా రకం 71 కిలోలు ఇచ్చినదనుకుంటే స్థానిక సరుకు కిలో 113 రూపాయల 38 పైసలు పడుతుంది. బర్మా సరుకు 114 రూపాయల 65 పైసలు పడుతుంది. చవక అనుకున్నది కిలోకు రూపాయి పావలా ఎక్కువయినది.

దీన్ని పట్టుకుని స్వదేశీ సరుకే ఎప్పుడూ లాభమని వాదించడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. అదే లెక్కలో స్థానిక రాబడి 73, బర్మా రాబడి 72 అని వేసి చూడండి. ధరలు 114.93, 113.06గా తారుమారవుతవి. క్వింటాలులో ఒక్కొక్క కిలో అటూ ఇటూ అయితే తీర్పు మారిపోతుంది. అకాల వర్షానికి తడిసి రంగు మారిన స్థానిక సరుకు వచ్చిన సంవత్సరం గుళ్లకు ఆశ పెట్టుకోకూడదు. పొట్టు పప్పు, బద్దలుగా అమ్మే ఛాయ పప్పు ఆడే మిల్లుకు పాలిష్ గింజ అందంతో పనిలేదు. అక్కడ బర్మా సరుకే గిట్టుబాటు కావచ్చును. కావలసినది ఒకటే. రెండు రకాలనూ వేరువేరుగా ఆడించి, ఎవరి మిల్లు రాబడిని వారు పుస్తకంలో రాసుకోవాలి. బి.కాం.లో కాస్టింగ్ పాఠం చదువుకున్నవారు కూడా మిల్లులో కూర్చున్న తరువాత రెండు సరుకులూ ఒకే ఖాతాలో వేసి సంవత్సరం చివర సగటు తీస్తున్నారు. ఆ సగటులో ఏది లాభం తెచ్చినదో ఏది తిన్నదో కనబడదు.

రెండు సరుకులనూ కలిపి ఆడించి ఆంధ్ర పాలిష్ అని చీటీ కట్టేవారి సంగతి ఇక్కడ చర్చించనక్కరలేదు. పిండి పొంగనప్పుడు గిరాకీదారుకే తెలుస్తుంది.

డాలరు, ఢిల్లీ

పై లెక్కలో లేనివి రెండున్నవి. సొమ్ము చెల్లించే నాటికి డాలరు 85నుంచి 87కు పోతే క్వింటాలుకు 180 రూపాయలు అదనంగా పడతాయి. 24 టన్నుల కంటెయినరు ఒక్కదానికే 43 వేల పైచిలుకు. రెండవది ప్రభుత్వ ఉత్తర్వు. ఇది డాలరుకంటె పెద్దది.

2016లో మినుము ధర క్వింటాలు పదివేలు దాటినప్పుడు దేశమంతటా దిగుమతులకు పరుగులు తీశారు. 2016-17లో దేశంలో పప్పుధాన్యాల దిగుబడి 230 లక్షల టన్నులు దాటగా, దానిపైన దిగుమతులు 66 లక్షల టన్నులు వచ్చి పడ్డాయి. 2017లో మినుము ధర 5,400 రూపాయల మద్దతు ధరకు దిగువకు జారినది. ఆ సంవత్సరం ఆగస్టు 21న కేంద్ర ప్రభుత్వం మినుము, పెసర దిగుమతులను రెండూ కలిపి ఏడాదికి 3 లక్షల టన్నులకు పరిమితం చేసినది. ఈ విలేఖరికి దగ్గరి బంధువు ఒకాయన 2016 వేసవిలో రెండు కంటెయినర్లకు అడ్వాన్సు కట్టి, సరుకు గిడ్డంగికి చేరేసరికి బజారు జారిపోగా, ఇంటి స్థలం అమ్మి బ్యాంకు అప్పు తీర్చుకున్నారు. ఆయన చీటీపై వేసిన కూడికలన్నీ సరిగానే వున్నవి. సరుకు అమ్ముడుపోయే రోజుకు ధర ఎంత వుంటుందన్న గడి మాత్రం లేదు.

తరువాత గాలి ఎదురు తిరిగినది. కోటా కింద మినుము దిగుమతిని 2019-20లో లక్షన్నర టన్నులనుంచి 4 లక్షల టన్నులకు పెంచారు. 2021 మే 15న ఆంక్షలు తీసివేసి దిగుమతిని స్వేచ్ఛగా వదిలిపెట్టారు. ఆ వెసులుబాటును విడతలు విడతలుగా పొడిగిస్తూ, 2025 మార్చిలో మరొక ఏడాదికి, అనగా 2026 మార్చి 31 వరకు ఇచ్చారు. 2021 జూన్‌లో మయన్మార్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం 2021-22నుంచి ఐదేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుము ప్రయివేటు వర్తకుల ద్వారా తెప్పించుకోవడానికి ఒప్పుకున్నారు. బ్రెజిల్ సరుకు కూడా రేవులకు రావడం ఆరంభమయినది.

దారి తెరిచినంత మాత్రాన నిల్వ చేసుకునే వీలు వుంటుందని అనుకోరాదు. 2023 జూన్ 2న కంది, మినుములకు నిల్వ పరిమితి విధించినప్పుడు టోకు వర్తకులకు 200 టన్నులు అన్నారు. సెప్టెంబరులో దాన్ని 50 టన్నులకు కుదించారు. నవంబరులో తిరిగి 200 చేశారు. దిగుమతిదారు కస్టమ్స్ దాటించిన సరుకును మొదట 30 రోజులకు మించి వుంచుకోరాదని నిబంధన. 50 టన్నులంటే రెండు కంటెయినర్లకు కాస్త ఎక్కువ. పది కంటెయినర్లకు బేరం చేసి కూర్చున్న వ్యాపారి ఆ సెప్టెంబరులో ఏ ధరకు వదిలించుకోవలసి వచ్చి వుంటుందో వేరే చెప్పనక్కరలేదు. కళ్లంలో కొనే సరుకుకు కూడా ఈ పరిమితి వర్తించినప్పటికీ, రోజుకు కావలసినంత కొనుక్కునే వీలు స్థానిక బజారులో వున్నది.

పొలంలో జరుగుతున్నది

వర్తకులు అంతగా పట్టించుకోని విషయం ఇంకొకటి వున్నది. అది ధరల పట్టీలో కనబడదు. తెల్లదోమ వల్ల వ్యాపించే పల్లాకు తెగులు, పైరును అల్లుకుపోయే బంగారు తీగ, ఈ రెండింటి బాధ పడలేక డెల్టా రైతులు చాలామంది మాగాణుల్లో మినుము మాని దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం మొదలుపెట్టారు. పొన్నూరు, చేబ్రోలు, తెనాలి వైపు వరి మొదళ్ల నడుమ మొక్కజొన్న నాటిన చేలు నేడు సాధారణ దృశ్యం. మొక్కజొన్నకు నీరు కావాలి, ఎరువు కావాలి, పెట్టుబడి కావాలి. అయినప్పటికీ ఎకరాకు దిగే బస్తాల సంఖ్య రైతును లాగుతున్నది. కోళ్ల దాణావారి గిరాకీ సరేసరి. తెగులును తట్టుకునే మినుము రకాలు వచ్చినా, మార్చి నెలలో తన బస్తా మిల్లు ముందు నిలబడి వుండగా చెన్నై లారీ ముందు దిగుతుంటే ఆ రైతు మరుసటి డిసెంబరులో విత్తనం ఏది చల్లాలన్నది అప్పుడే నిర్ణయించుకుంటాడు.

ఇందులో వర్తకుని స్వార్థం లేకపోలేదు. బర్మాలో మినుముకు స్థానిక గిరాకీ లేదని పైన చెప్పడమైనది. అందుచేత రంగూన్ ధర అక్కడి సాగు ఖర్చును బట్టి గాక మన దేశంలో పంట ఎంత, ధర ఎంత అన్న లెక్కను బట్టి కదులుతూ వుంటుంది. మన దగ్గర పైరు దెబ్బతిన్నదన్న వార్త వచ్చిన వారంలోనే అక్కడి ఎగుమతిదారు డాలర్లు పెంచుతాడు. దిగుమతులపై ఆంక్ష రాగానే అక్కడి ధర పడిపోతుంది. 2017 ఉత్తర్వు తరువాత బర్మా రైతులు ఎంత నష్టపోయారో ఆనాటి పత్రికలు చదివినవారికి విదితమే. అనగా బర్మా సరుకు చవకగా వుండడానికి కారణాలలో ఒకటి పొన్నూరు రైతు ఇంకా మినుము చల్లుతూ వుండడమే. మాగాణుల్లో మినుము తగ్గిన మేరకు ఆ చవక కూడా తగ్గుతుంది. అప్పుడు తెనాలి గుళ్ల మిల్లు వద్ద బేరమాడటానికి రెండవ సరుకు వుండదు. లావు గింజ దొరకని నాడు గుళ్లకు వచ్చే అదనపు ధర కూడా పోతుంది.

2025-26కు మినుము మద్దతు ధర క్వింటాలు 7,800 రూపాయలుగా ప్రకటించారు. దిగుమతి ధర దీనికి దిగువన వున్నప్పుడు రైతు ప్రభుత్వ కొనుగోలు వైపు చూడటం సహజం. అంతకన్నా పైన వున్నప్పుడు కళ్లంలో నగదు ఇచ్చేవానికే ఇస్తాడు. కనుక పాలిష్ సరుకు కావలసిన మిల్లుదార్లు ఫిబ్రవరిలో ధర అడగడంతో సరిపెట్టుకోక, వరి కోతలకు ముందే తమకు కావలసిన రకం ఏదో, మామూలు రకంకంటె క్వింటాలుకు ఎంత ఎక్కువ ఇస్తారో ఊళ్లోని దలారీలతో చెప్పి వుంచడం మంచిది. ఆ అదనం ఎంత ఇవ్వవచ్చునో తేల్చుకునేందుకు పైన చూపిన కిలోల లెక్కే ఆధారం. మన ఉదాహరణలో అది కిలో గుళ్లకు 1 రూపాయి 27 పైసలు, 74 కిలోలకు 94 రూపాయలు. ఆ 94లో సగం రైతుకు ఇచ్చినా మిల్లుకు ఇంకా 47 మిగులుతవి. అంకెలు ఎవరివి వారు మార్చుకోవచ్చును. కోతలు నవంబరు ఆఖరున మొదలవుతవి గనుక ఈ మాట కార్తికమాసంలోనే చేరవేయాలి. విత్తనం చేనులో పడిన తరువాత చెప్పిన ధర మరుసటి సంవత్సరానికే పనికివస్తుంది.