సంగీతాచార్యుడు మెస్సియాన్

అది 1941వ సంవత్సరము జనవరి 15వ తేది. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. నాటి జర్మనీ దేశమున గోర్లిట్స్ పట్టణము చెంత యుద్ధఖైదీల శిబిరమొకటి యుండెను. చలి ఎముకలు కొరుకుచుండెను. ఖైదీలును, వారికి కావలియున్న సైనికులును ఒకే పాకలో కూర్చుండి యుండిరి. వారి యెదుట నలుగురు ఖైదీలు వయొలిన్, చెల్లో, క్లారినెట్, పియానో అను వాద్యములపై ఒక నూతన రచనను వినిపించిరి. 'కాలాంత చతుష్టయము' అను నర్థము వచ్చు పేరుగల ఆ రచనకు కర్త పియానో వాయించుచున్న ఖైదీయే. శత్రుపక్షమువాడైన ఒక కావలివాడు జాలిగొని యిచ్చిన కాగితములపై ఆయన దానిలో చాల భాగము వ్రాసెను. ఆయనయే ఒలివియే మెస్సియాన్.

మెస్సియాన్ 1908వ సంవత్సరము డిసెంబరు 10వ తేదిన ఫ్రాన్సు దేశమందలి అవిన్యోన్ నగరమున జన్మించెను. తండ్రి ఆంగ్లోపాధ్యాయుడు, తల్లి కవయిత్రి. 1919లో, బాలుడుగా నున్నప్పుడే, ఆయన పారిస్ సంగీత కళాశాలలో చేరెను. 1931లో ఆ నగరమందలి ట్రినిటే చర్చిలో ఆర్గన్ వాద్యకారుడుగా నియమింపబడెను.

మంచి ఎచ్చట నున్నను గ్రహించుట ఆయన స్వభావము. విద్యార్థిదశలో నొక విజ్ఞానకోశమున, మన శార్ఙ్గదేవుని 'సంగీత రత్నాకరము' నందలి 120 దేశీ తాళముల పట్టిక ఆయన కంటబడెను. దానిని శ్రద్ధతో నభ్యసించెను. అప్పటికి సుమారు 700 ఏండ్ల క్రిందట దేవగిరిలో గ్రంథస్థములైన రాగవర్ధనము, చంద్రకళ మొదలగు తాళములు ఆనాడు ఆ శిబిరమున పియానోపై మ్రోగినవి. పక్షులును ఆయనకు గురువులే. వేకువజామున అడవులకును పొలములకును పోయి, వాని కూతలను స్వరలిపిలో వ్రాసికొనెడివాడు. 1956-58 సంవత్సరములలో వానిని ఆధారముగా గొని 13 పియానో రచనలు కూర్చెను.

చెర వీడిన 1941లోనే మెస్సియాన్ తాను చదివిన కళాశాలలో ఆచార్యుడయ్యెను. 1978 వరకు బోధించెను. దేశమును వీడి పారిస్ చేరిన క్సెనాకిస్ అను గ్రీకు యువకుడు ఒకనాడు ఆయనను ఆశ్రయించెను. అతడు వృత్తిచే ఇంజనీరు. వయస్సు ముప్పది సమీపించుచుండెను. సంగీత శాస్త్రమును మొదటినుండి నేర్వవలెనా యని అతడు సందేహించెను. ఆచార్యుడు వలదనెను. నీకు గణితము తెలియును, వాస్తువిద్య తెలియును, వానినే సంగీతమున వినియోగింపుమని ధైర్యము చెప్పెను. ఆ శిష్యుడు పిమ్మట జగద్విఖ్యాతుడయ్యెను. బూలెజ్, స్టాక్‌హౌజన్ అను ప్రసిద్ధులును ఆయన శిష్యులే. కాని ఏ యిద్దరి సంగీతమును ఒక తీరున నుండదు.

మెస్సియాన్ 1992లో పరమపదించెను. శిష్యుని తనవలె చేయువాడు కాక, శిష్యునిలోని శక్తిని గుర్తించి మేల్కొలుపువాడే ఉత్తమ గురువని ఆయన జీవితము చాటుచున్నది.