పల్లెలో సొంత క్లినిక్ పెట్టే నర్సుకు ఏమి నేర్పాలి?



నర్సింగ్ చదివి అమెరికా వెళ్ళిన అమ్మాయి మీ బంధువుల్లోనో మీ విచారణలోనో ఒకరైనా ఉండే ఉంటారు. ఆమె అక్కడ ఇంకా పైచదువు చదివి ‘నర్స్ ప్రాక్టీషనర్’ అయ్యానని ఫోనులో చెబితే, అదేదో ప్రమోషన్ అనుకుని సంతోషిస్తాం. అది ప్రమోషన్ కాదు. రోగిని పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందు రాసిచ్చే అధికారం. అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో ఆమె డాక్టరుతో ఒప్పందం లేకుండానే సొంతంగా క్లినిక్ నడపవచ్చు.

దీనికి మూలం పల్లెల అవసరమే. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ కెంటకీ కొండల్లో ఒక సేవాసంస్థ స్థాపించారు. దాని నర్సులు గుర్రాలెక్కి వాగులు దాటి కాన్పులకు వెళ్ళేవారు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ప్రారంభించారు. ఫోర్డ్ గారు 2025లో 104 ఏళ్ళ వయసులో మరణించారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వైద్యం బాగా వచ్చిన నర్సు కూడా పల్లెలో క్లినిక్ తెరిచి మూసేయవలసి రావచ్చు. ఎందుకంటే క్లినిక్ అంటే వైద్యంతో పాటు జమాఖర్చు కూడా. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే బీమా పేరు మెడికేర్. 1997 నాటి చట్టం ప్రకారం, అదే పనికి డాక్టరుకు 100 డాలర్లు వస్తే నర్స్ ప్రాక్టీషనర్‌కు 85 మాత్రమే. గది అద్దె, కరెంటు బిల్లు మాత్రం 15 శాతం తగ్గించి ఎవరూ ఇవ్వరు కదా! పైగా బీమా సంస్థలు ఆమె పేరు నమోదు చేసుకోవడానికే నెలలు పడుతుంది. అన్నాళ్ళూ రోగులు వస్తారు, డబ్బు రాదు. చేతిలో నిలవ లేనివారు అక్కడే దెబ్బతింటారు.

దీనికొక దారి 1977లో వచ్చిన గ్రామీణ క్లినిక్కుల చట్టం. గుర్తింపు పొందిన క్లినిక్‌కు, రోగిని డాక్టరు చూసినా నర్స్ ప్రాక్టీషనర్ చూసినా మెడికేర్ ఒకే రేటు చెల్లిస్తుంది. అయితే షరతులున్నాయి. డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. తెరిచి ఉన్న సమయంలో కనీసం సగం సేపు నర్స్ ప్రాక్టీషనరో ఆ కోవకు చెందిన మరొకరో క్లినిక్‌లో ఉండాలి. ఈ లెక్కలు తరగతిలో నేర్పాలి, క్లినిక్ తెరిచాక కాదు.

తర్వాతది చట్టం. కొన్ని రాష్ట్రాల్లో డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఆ డాక్టరు రిటైరైతే, ఇంకొకరు దొరికేదాకా పని ఆగిపోవచ్చు. ఆ ఒక్క సంతకం మీద ఊరంతా ఆధారపడటం నాకైతే న్యాయంగా తోచదు.

ఒంటరితనం ఇంకొకటి. పెద్ద ఆసుపత్రిలో అనుమానం వస్తే పక్కగదిలో అడగవచ్చు. పల్లెలో గుండెనొప్పితో మనిషి వస్తే ఎవరికి ఫోను చేయాలి, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది, అది వచ్చేలోగా ఏమి చేయాలి? వీటికి జవాబులు ముందే రాసి గోడకు అంటించి ఉండాలి. అందుకే శిక్షణలో కొన్ని నెలలైనా అలాంటి పల్లె క్లినిక్‌లోనే గడపాలి.

మరి మన దగ్గర సంగతేమిటని అడుగుతారు. ఇక్కడ నర్సు సొంత బోర్డు కట్టి మందులు రాయడానికి చట్టం ఒప్పుకోదు. 2018 నుండి ఆరోగ్య ఉపకేంద్రాల్లో, బి.ఎస్సీ. నర్సింగ్ వంటి చదువున్నవారికి అదనపు శిక్షణ ఇచ్చి, సామాజిక ఆరోగ్య అధికారులుగా నియమిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వీరిని ఎం.ఎల్.హెచ్.పి.లు అంటారు. నిర్ణీత జాబితాలోని మందులు ఇస్తారు. బి.పి., షుగరు చూస్తారు. తమ వల్ల కానిది ఫోనులో డాక్టరుకు చూపిస్తారు, లేదా పై ఆసుపత్రికి పంపుతారు. మీ ఊరి ఉపకేంద్రంలో ఆమె ఏయే రోజుల్లో ఉంటారో, అక్కడ ఏ మందులు దొరుకుతాయో ఈ వారమే వెళ్ళి కనుక్కోండి.