తల పైకెత్తి చూద్దాం: లేపాక్షి బొమ్మల దగ్గర పిల్లలతో ఒక పూట



గత పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు నన్ను నేరుగానే అడిగారు: "సార్, వారానికి ఒక పీరియడ్ డ్రాయింగ్ ఎందుకు? ఆ గంట కూడా లెక్కలు చెప్తే మార్కులన్నా వస్తాయి కదా." ఆయన కోపంతో అడగలేదు. పెద్దకడుబూరులో పత్తి పండించి, ఆ డబ్బులో నుంచి ఫీజు కట్టే మనిషి అడిగిన ప్రశ్న అది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. పిల్లలతో లేపాక్షి వెళ్లి వచ్చాక నాకు కొంచెం జవాబు దొరికింది. అది మీ అందరితో పంచుకోవాలని రాస్తున్నాను.

మన దగ్గర ఆర్ట్ గ్యాలరీ లేదా?

బొమ్మలు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికే పోవాలని చాలామంది అనుకుంటారు. అది గొప్ప చోటే, వీలైతే తప్పకుండా చూపించండి. కానీ మన రాయలసీమలోనే ఐదు వందల ఏళ్ల నాటి చిత్రశాల ఒకటి ఉంది. దానికి గోడలు కాదు, పైకప్పే కాన్వాసు. అదే లేపాక్షి వీరభద్రస్వామి గుడి. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు (1529–1542) కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. మన ఆదోని కోట కూడా ఆ రోజుల్లో విజయనగరం వాళ్లదే. అంటే ఆ బొమ్మల్లో కనిపించే మనుషులు మనకు పరాయివాళ్లు కారు.

ఆదోని నుంచి గుంతకల్లు, అనంతపురం మీదుగా హిందూపురం వరకు రైలులో పోవచ్చు. అక్కడి నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. మేము తెల్లవారకముందే ఉగ్గాని పొట్లాలు కట్టుకొని బయల్దేరాం.

నేను చేసిన పొరపాటు

గుడిలోకి పోగానే పిల్లలందరూ వేలాడే స్తంభం దగ్గరికి పరుగెత్తారు. దాని కింద నుంచి గుడ్డ లాగి చూడటం అందరికీ సరదా. మేమూ లాగాం. తర్వాత నాట్యమంటపంలో అందరినీ నిలబెట్టి, నేను పాఠం మొదలుపెట్టాను. "ఇది ద్రౌపదీ స్వయంవరం, ఇది కిరాతార్జునీయం, ఇది పార్వతీ కల్యాణం, రాసుకోండి." పిల్లలు రాసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే ఒక్కరి తల కూడా పైకి లేదు! అందరి కళ్లూ నోటుబుక్కులోనే. బొమ్మల కింద నిలబడి, బొమ్మల పేర్లు రాసుకుంటూ, బొమ్మల్ని చూడకుండా ఉన్నారు. ఆ తప్పు పిల్లలది కాదు, నాది.

పుస్తకాలు సంచుల్లో పెట్టేయమన్నాను. నేల మీద కూర్చోమని, "పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, తర్వాత ఒక్కొక్కరు చూసింది ఒక్కటి చెప్పాలి" అన్నాను.

పిల్లలు చూసినవి

ఒకబ్బాయి ముందు రంగుల గురించి అడిగాడు: "సార్, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ. నీలం కనపడట్లేదు, ఎందుకు?" మంచి ప్రశ్న. ఆ చిత్రకారులు రాతి మీద సున్నపు గార పూసి, దాని మీద ఎక్కువగా మట్టి రంగులే వాడారు. ఎరుపు, పసుపు మన్ను నుంచి వచ్చాయి. నలుపు మసి నుంచి, తెలుపు సున్నం నుంచి వచ్చాయి. మన అవ్వలు పండగకు గోడలకు పూసే ఎర్రమన్నుకు, ఆ పైకప్పుకు చుట్టరికం ఉందని చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగాయి.

ఇంకొకరు టోపీలు పట్టుకున్నారు. మగవాళ్ల తలల మీద పొడుగ్గా, కోసుగా ఉన్న టోపీలు. వాటిని కుళ్లాయిలంటారు. విజయనగర కొలువులో పెద్దమనుషులు పెట్టుకునేవి. ఒక చిత్రంలో విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో సహా దేవుణ్ణి కొలుస్తూ కనిపిస్తారు. ఆ కాలపు బట్టలు, నగలు, నిలబడే తీరు తెలుసుకోవాలంటే పుస్తకంలో పేరా కంటే ఈ బొమ్మే ఎక్కువ చెబుతుంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది మనునీతి చోళుని కథ. రాకుమారుడి రథం కింద లేగదూడ పడి చనిపోతుంది. తల్లి ఆవు వచ్చి న్యాయగంట మోగిస్తుంది. రాజు తన కొడుకునని కూడా చూడకుండా శిక్ష వేస్తాడు. కథ అందరికీ తెలిసిందే. కానీ గుడికి వచ్చిన ప్రతి ఒక్కరి తల మీద, కొలువులోని పెద్దలు నడిచే దారి మీద, ఆ కథ గీయించాలని ఎవరికో తోచింది చూడండి. అధికారం ఉన్నవాళ్లు పైకి చూసినప్పుడల్లా ఒక ఆవు గంట మోగిస్తూ కనిపించాలి. నాకు అలా అనిపించింది. మీకు ఇంకోలా అనిపించవచ్చు. బొమ్మ ముందు రెండూ సరైనవే.

మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడి దగ్గర పిల్లలు అటూ ఇటూ తిరిగి చూశారు. ఎటు నిలబడినా ఆ పాపడు మనవైపే చూస్తున్నట్టుంటుంది.

చివరగా ఒక అమ్మాయి. క్లాసులో పేరు పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్ల. పరీక్షల్లో వెనకే ఉంటుంది. ఆమె ఆడవాళ్ల చీరలు చూపించి అంది: "సార్, మా తాత నేసే అంచు గూడా ఇట్లే ఉంటాది. ఆ గళ్లు చూడండి, పడుగులో రెండు రంగులు, పేకలో రెండు రంగులు వేస్తే అట్లా పడతాది." ఆ తర్వాత పావుగంట ఆమే మాకు పాఠం చెప్పింది. ఏ చీరలో గళ్లు, ఏ చీరలో చారలు, ఏ అంచు వెడల్పు, ఎక్కడ కొంగు మారింది, అన్నీ. లతామంటపం స్తంభాల మీద చెక్కిన అల్లికలు చూసి, ఒక్కో స్తంభం మీద డిజైన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్కలంటే భయపడే పిల్ల!

ఆ డిజైన్లు నేటికీ చీరల అంచుల మీదికి వస్తూనే ఉన్నాయి. మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. ఆ ఊరి పిల్లకు మగ్గం ఇంట్లోనే ఉంది. కానీ తన ఇంట్లో ఉన్నది కూడా చదువేనని ఆమెకు ఆ రోజే తెలిసింది. నాకు కూడా.

ఆ నాన్నగారికి నా జవాబు

డ్రాయింగ్ పీరియడ్ పిల్లలందరినీ చిత్రకారులను చేయడానికి కాదు. ఓపికగా చూడటం, చూసింది మాటల్లో చెప్పడం, "ఎందుకు ఇట్లా ఉంది" అని అడగడం నేర్పడానికి. సైన్స్ ల్యాబులో కావలసిందీ అదే, లెక్కలో తప్పు పట్టుకోవడానికి కావలసిందీ అదే. మార్కులు అడిగితే హామీ ఇవ్వలేను. కానీ ఏడాదిగా మాట్లాడని పిల్ల ఆ రోజు మాట్లాడింది. అది మాత్రం నా కళ్లతో చూశాను.

ఇంకో మాట. ఈ బొమ్మలు చెరిగిపోతున్నాయి. కొన్నిచోట్ల గార పెచ్చులూడి రాయి కనిపిస్తోంది, కొన్నిచోట్ల ముఖాలు మసకబారాయి. 2022లో ఈ గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. అది సంతోషమే. కానీ జాబితా ఒక్కటే బొమ్మను కాపాడదు. తన తాత అంచును అక్కడ గుర్తుపట్టిన పిల్ల మాత్రం స్తంభం మీద పేరు గీకదు.

మీరు పిల్లలతో వెళితే

1. మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పకండి, ఫోన్ తీయకండి. పిల్లలను చూడనివ్వండి.
2. "ఇది ఏమిటి?" అని కాకుండా "నీకు ఏం కనిపిస్తోంది?" అని అడగండి.
3. అన్నీ చూడాలని పరుగెత్తకండి. మూడు బొమ్మలు బాగా చూస్తే చాలు.
4. "నాకు తెలీదు, ఇద్దరం కనుక్కుందాం" అనడానికి మొహమాటపడకండి.
5. గోడలను, స్తంభాలను చేత్తో తాకొద్దని, ఫ్లాష్ వేయొద్దని ముందే చెప్పండి.
6. ఇంటికొచ్చాక గుర్తున్న ఒక్క బొమ్మను గీయమనండి. బాగుందో లేదో చెప్పకండి, ఏం గీశారో అడగండి.

ఇప్పుడే వెళ్లలేకపోతే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఈ ఆదివారం బీరువాలో నుంచి అవ్వ చీర ఒకటి తీయండి. అంచు మీద ఎన్ని రకాల డిజైన్లున్నాయో పిల్లలతో కలిసి లెక్కపెట్టండి. వాటిలో ఒకటి గీయించి మాకు పంపండి. పిల్లలు పంపినవన్నీ స్కూలు నోటీసు బోర్డు మీద పెడతాం.

ఆ నాన్నగారు కూడా పంపుతారని ఎదురుచూస్తున్నాను.

మీ పిల్లల డ్రాయింగ్ మాస్టారు