మీ కోసం మీరు చదువుకోండి

పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తాం, పేర్లు రాస్తాం, ఎక్కాలు అప్పజెప్పించుకుంటాం. పరీక్షలొస్తే వాళ్లతోపాటు మనమూ మేలుకుంటాం. ఇన్ని పుస్తకాలు మన చేతుల మీదుగా వెళుతున్నా, మన కోసమని ఒక కథ చదువుకుని ఎన్నాళ్లయిందంటే చాలామంది తల్లిదండ్రులు ఆలోచనలో పడతారు. పెళ్లికి ముందు నవలలు వరసపెట్టి చదివిన అమ్మాయి, కాలేజీ రోజుల్లో లైబ్రరీ వదలని అబ్బాయి ఇవాళ "టైమెక్కడిదండీ" అంటున్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

బందరులోని మన చిలకలపూడినే చూడండి. రోల్డుగోల్డు నగలకు ఊరూరా పేరున్న చోటు. ఇక్కడ నగల పని కార్ఖానాల్లోనే కాక ఇళ్లలోనూ సాగుతుంది. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, ఆడవాళ్లు రాళ్లు అతికించడానికి కూర్చుంటారు. ఎంత పని చేస్తే అంత కూలి. పండగలూ ముహూర్తాలూ దగ్గరపడితే మధ్యాహ్నం నడుం వాల్చే వీలు కూడా ఉండదు. మగవాళ్లలో కొందరు పూత దగ్గర, పాలిషు దగ్గర ఉంటారు. కొందరు పొద్దున్నే రైలెక్కి గుడివాడకో బెజవాడకో వెళతారు. సాయంత్రం ఇల్లు చేరితే హోంవర్కులు, అన్నాలు, మర్నాటికి యూనిఫారాలు. ఇలాంటి ఇంటికి వెళ్లి రోజూ గంటసేపు పుస్తకం చదవండని చెబితే అది సలహా అనిపించుకోదు, ఉన్న బరువుల మీద ఇంకో బరువు అవుతుంది.

అందుకే నేను కోరేది ఒక్కటే. తీరిక దొరికాక చదువుదామని ఆగకండి. మీరు రోజూ ఎక్కడ ఆగాల్సి వస్తుందో అక్కడికి పుస్తకాన్ని చేర్చండి.

ఈ కృష్ణా డెల్టాలో ఆ పని మన పెద్దలు చేసి చూపించారు. రోడ్లూ బస్సులూ ఇంతగా లేని రోజుల్లో ప్రయాణమంటే కాలవ మీద పడవే. ఎక్కినవాళ్లు గంటల తరబడి కూర్చోవలసిందే. గ్రంథాలయోద్యమంలో జీవితం గడిపిన పాతూరి నాగభూషణం గారు ఆ కూర్చునే వేళను గమనించారు. 1935లో కృష్ణకు అవతలి ఒడ్డున కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పొలం పనులకూ సంతలకూ తిరిగే మనుషులను గ్రంథాలయానికి రమ్మని పిలిచి ఊరుకోకుండా, పుస్తకాలనే వాళ్ల దారిలోకి తెచ్చారు.

మనకిప్పుడు పడవలు లేవు గానీ ఆగే వేళలు అలాగే ఉన్నాయి. చిలకలపూడి స్టేషన్లో ఎక్కినవాళ్లకు పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటి గుడివాడ చేరేదాకా చేతిలో పనేమీ ఉండదు. ట్యూషన్ బయట స్కూటర్ మీద కూర్చుని పిల్లవాడి కోసం చూసే సమయం ఉంది. ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చునే బెంచీ ఉంది. చంటిపిల్లకు పాలిస్తూ, జోకొడుతూ గడిపే అరగంట ఉంది. ఇవన్నీ ఇప్పుడు ఫోనుకే పోతున్నాయి, ఎందుకంటే చేతికి అందుబాటులో ఉన్నది ఫోనే. ఒక పుస్తకం బండి డిక్కీలో, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి మంచం పక్కన పెట్టి చూడండి. ఏది ముందు చేతికి తగిలితే దాన్నే తెరుస్తాం.

చిన్న సమయానికి తగిన పుస్తకం ఎంచుకోవడం రెండో సంగతి. చాలాకాలం తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లు వేయిపడగలు లాంటి మహాగ్రంథంతో మొదలుపెడితే వారం తిరక్కుండానే బుక్‌మార్కు ఒకే చోట ఉండిపోతుంది. సత్యం శంకరమంచి అమరావతి కథలు తీసుకోండి. మన కృష్ణ ఒడ్డున పుట్టిన నూరు కథలవి, ఒక్కొక్కటి కొద్ది పేజీలే. కుక్కర్ మీద పప్పు ఉడికేలోగా ఒక కథ పూర్తవుతుంది, పూర్తయిందన్న తృప్తీ మిగులుతుంది. మనసారా నవ్వుకోవాలంటే మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశం ఉంది. ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు. పది పేజీలు చదివినా రుచించని పుస్తకాన్ని మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. అది పరీక్ష కాదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

చేతులు ఖాళీ లేనివాళ్ల మాటేమిటి? నగల పని చేసేవాళ్ల కళ్లూ చేతులూ పని మీదే ఉండాలి. చెవులు మాత్రం ఖాళీ. క్యూబా దేశంలో చుట్టల కార్ఖానాల కార్మికులు 1865లోనే ఈ సంగతి గ్రహించారు. వాళ్లు ఆకు చుడుతుంటే ఒకరు ఎత్తయిన కుర్చీలో కూర్చుని పత్రికలూ నవలలూ గట్టిగా చదివి వినిపించేవారు. చదివే మనిషికి జీతం కార్మికులే తమ కూలి డబ్బుల్లోంచి ఇచ్చుకున్నారు. మనకూ ఇది కొత్త కాదు. అరుగు మీద ఒకరు భారతమో భాగవతమో చదివితే వాడంతా కూర్చుని విన్న సంప్రదాయం మనది. విజయవాడ రేడియో నాటకాలు వింటూ వంటలు చేసిన ఇళ్లు మనవి. ఇప్పుడు తెలుగు కథలు చదివి వినిపించే ఆడియోలు ఫోనులోనే దొరుకుతున్నాయి. ఇంకా మంచి మార్గం ఇంట్లోనే ఉంది. ఆరో ఏడో తరగతి చదివే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రోజూ రెండు పేజీలు చదివించుకోండి. అమ్మ కోసం కథ చదవడంలో ఉన్న గర్వం ఆ పిల్లవాడికి ఏ మార్కులతోనూ రాదు.

ఇక అన్నిటికన్నా గట్టిగా అడ్డుపడేది సమయం కాదు, మనసులోని సంకోచం. గిన్నెలు సింకులో ఉండగా నవల పట్టుకున్నానే అని తల్లి నొచ్చుకుంటుంది. ఈ వయసులో కథలేమిటని తండ్రి వెనకాడతాడు. మన అమ్మమ్మల తరాన్ని గుర్తు చేసుకోండి. మొవ్వ దగ్గర కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి సీరియళ్లు వారపత్రికల్లో వస్తున్న కాలంలో ఇళ్లలో మిక్సీలు లేవు, గ్యాసుపొయ్యిలు తక్కువ, పిల్లలు ఎక్కువ. అయినా పక్కింటి నుంచి పత్రిక ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడ్డారు. కష్టం తక్కువై కాదు, వచ్చే వారం ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆశ బలమైంది కాబట్టి సమయం చేసుకున్నారు. మీరూ మీకు ఇష్టమైనదే చదవండి. డిటెక్టివ్ కథైనా, ప్రేమ నవలైనా, యాత్రా చరిత్రైనా సరే. పిల్లల పెంపకం గురించో, పైకి రావడం గురించో చెప్పే పుస్తకాలు అవసరమైనప్పుడు చదవచ్చు. సంతోషం కోసం చదివేది వేరేగా ఉండాలి.

భార్యాభర్తలకు ఒక మాట. రాత్రి అన్నాలయ్యాక ఒక రోజు ఆయన గిన్నెలు సర్ది పిల్లల్ని పడుకోబెడితే, మరో రోజు ఆమె చూసుకుంటే, ఇద్దరికీ రోజు విడిచి రోజు అరగంట మిగులుతుంది. ఆమె పుస్తకంలో ఉన్నప్పుడు మంచినీళ్లు మీరే తెచ్చుకోండి బాబూ. ఈ ఒక్క మర్యాద ఆమెకు పది పుస్తకాలు కొనిచ్చినదానికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అత్తమామలు ఇంట్లో ఉంటే వాళ్లకూ పెద్ద అక్షరాల పుస్తకమొకటి తెచ్చి ఇవ్వండి. ఇంట్లో చదివేవాళ్లు ఇద్దరైతే ఎవరూ ఎవర్నీ తప్పు పట్టరు.

పుస్తకాలకు డబ్బెక్కడిదని బెంగపడకండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో నడిచే కృష్ణా జిల్లా గ్రంథాలయ సంస్థ మన బందరులోనే ఉంది. 1902లో కృష్ణా పత్రికను పుట్టించిన ఊరు ఇది. కవి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు, వేయిపడగలు రాసిన విశ్వనాథ చదువుకున్న ఊరు. ఇలాంటి ఊళ్లో అమ్మానాన్నలు చదవడం మానేస్తే పిల్లలకు చదువంటే మార్కుల లెక్కగానే మిగులుతుంది.

ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లండి. వాళ్లకొక సభ్యత్వం రాయించండి, మీకూ ఒకటి రాయించుకోండి. వాళ్ల పుస్తకం వాళ్లు ఎంచుకుంటారు. మీ పుస్తకం మాత్రం మీకోసమే ఎంచుకోండి.